డిప్లొమా లిస్టు వేరు, కాలేజీ లిస్టు వేరు: టెక్సాస్‌లో హైస్కూల్ లెక్కలు అర్థం చేసుకుందాం

జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే టెక్సాస్‌లో ఎయిత్ గ్రేడ్ పిల్లలున్న ఇళ్లకి స్కూల్ నుంచి కోర్స్ సెలెక్షన్ షీట్ వస్తుంది. నైన్త్ నుంచి ట్వెల్త్ దాకా ఏ ఏడాది ఏ క్లాసులు తీసుకుంటారో నింపాలి, కింద పేరెంట్ సంతకం పెట్టాలి. పిల్లలేమో ఫ్రెండ్స్ ఏం తీసుకుంటే అదే టిక్ పెడతారు, పేరెంట్స్ ఏమో ఆఫీస్ హడావిడిలో సంతకం పెట్టేసి పంపేస్తారు. కాలేజీ టెన్షన్ మన ఇళ్లల్లో మొదలయ్యేది లెవెన్త్‌లో, కానీ అప్పటికి సగం నిర్ణయాలు ఆ షీట్ మీదే అయిపోయి ఉంటాయి.

మనకి తెలిసిన పద్ధతి ఏంటంటే ఇంటర్ పాస్ అవ్వాలి, ఎంసెట్‌లోనో జేఈఈలోనో ర్యాంక్ రావాలి, ర్యాంక్ వస్తే సీటు వచ్చినట్టే. నైన్త్ క్లాసులో ఎన్ని మార్కులొచ్చాయి, ఏ సబ్జెక్ట్ తీసుకున్నావు, ఎవరూ అడగరు. ఇక్కడ అలా కాదు, ఇక్కడ రెండు వేరువేరు లిస్టులు ఉంటాయి. ఒకటి హైస్కూల్ డిప్లొమా కోసం స్టేట్ పెట్టే లిస్టు, రెండోది కాలేజీ తనంతట తాను పెట్టుకునే లిస్టు. స్కూల్ గట్టిగా పట్టించుకునేది మొదటిదాన్నే, అందుకే కౌన్సెలర్‌ని అడిగితే "యువర్ సన్ ఈజ్ ఆన్ ట్రాక్" అంటారు, అది నిజమే, కానీ ఆన్ ట్రాక్ అంటే గ్రాడ్యుయేట్ అవుతాడని, మీరు అనుకున్న కాలేజీకి, అనుకున్న మేజర్‌కి, అంటే డిగ్రీలో చదివే ముఖ్య సబ్జెక్ట్‌కి సరిపోతాడని కాదు. ఈ తేడా తెలియక మంచి పిల్లలు కూడా చివర్లో ఇబ్బంది పడుతుంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు డిప్లొమా సంగతి చూద్దాం. 2013లో టెక్సాస్ లెజిస్లేచర్ హౌస్ బిల్ 5 అనే చట్టం తెచ్చి పాత ప్లాన్లు తీసేసి ఫౌండేషన్ హైస్కూల్ ప్రోగ్రాం పెట్టింది. దాని ప్రకారం కనీసం 22 క్రెడిట్లు కావాలి, ఏడాది పొడుగునా ఉండే క్లాసుకి ఒక క్రెడిట్, ఒక్క సెమిస్టర్ క్లాసుకి అర క్రెడిట్. ఇంగ్లీష్ 4, మ్యాథ్ 3, సైన్స్ 3, సోషల్ 3, ఇంగ్లీష్ కాకుండా వేరే భాష 2, పీఈ 1, ఫైన్ ఆర్ట్స్ 1, మిగతా 5 ఎలెక్టివ్స్. దీనిమీద ఎండార్స్‌మెంట్ అని ఇంకో మెట్టు ఉంటుంది, అంటే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీ డిసిప్లినరీ ఈ ఐదింట్లో ఏదో ఒకటి నైన్త్‌లో చేరేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి, దానితో కలిపి 26 క్రెడిట్లు అవుతాయి, మ్యాథ్ సైన్స్ రెండూ నాలుగేసి కావాలి. మధ్యలో ఎండార్స్‌మెంట్ మార్చుకోవచ్చు, కాబట్టి 13 ఏళ్ల పిల్లాడి జీవితం ఇప్పుడే తేల్చేస్తున్నామని భయపడక్కర్లేదు.

క్రెడిట్లతో పాటు పరీక్షలు కూడా ఉన్నాయి. ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లీష్ 1, ఇంగ్లీష్ 2, యూఎస్ హిస్టరీ, ఈ ఐదింటికి స్టార్ ఎండ్ ఆఫ్ కోర్స్ అని స్టేట్ పెట్టే పరీక్షలు పాస్ అవ్వాలి. ఒకటి రెండు పోయినా మళ్లీ రాసుకునే ఛాన్స్ ఉంటుంది, ఇంకా రాకపోతే స్కూల్లో కమిటీ కూర్చుని పిల్లాడి మిగతా వర్క్ చూసి నిర్ణయం తీసుకునే దారి కూడా ఉంది. మన పిల్లలకి ఇవి మామూలుగా సమస్య కావు.

మనవాళ్లకి సమస్య అయ్యేది అటెండెన్స్. టెక్సాస్ చట్టం ప్రకారం క్లాసు జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరు లేకపోతే పాస్ మార్కులున్నా క్రెడిట్ ఆపొచ్చు. డిసెంబర్‌లో ఇండియా వెళ్తాం, పెళ్లి ఉంటుంది, టికెట్లు చవగ్గా ఉన్నాయని సెలవులకి ముందు రెండు వారాలు, తర్వాత ఒక వారం కలిపేస్తాం. ఎలిమెంటరీలో అది ఎలాగో నడిచిపోయింది, కానీ హైస్కూల్లో సెమిస్టర్‌కి సుమారు 85 నుంచి 90 రోజులు ఉంటాయి, అంటే తొమ్మిది రోజులు దాటితే లైన్ దాటినట్టే. అప్పుడు అటెండెన్స్ కమిటీ ముందుకు వెళ్లాలి, శనివారాలు వచ్చి గంటలు పూర్తిచేయాలి, ఈలోపు పిల్లల మీద బోలెడు ఒత్తిడి. హైస్కూల్ నాలుగేళ్లూ ఇండియా ట్రిప్పులు జూన్, జులైలో పెట్టుకోండి, టికెట్ ఎక్కువైనా సరే.

ఇంకోటి, 2021-22 సీనియర్ల నుంచి టెక్సాస్‌లో గ్రాడ్యుయేట్ అవ్వాలంటే కాలేజీ ఫీజు సాయం కోసం ఫెడరల్ గవర్నమెంట్‌కి పెట్టే ఫాఫ్సా అప్లికేషన్ అయినా నింపాలి, లేదంటే అలాంటిదే స్టేట్ వాళ్ల టాస్ఫా నింపాలి, అదీ కాదంటే మాకు వద్దు అని ఆప్ట్ అవుట్ ఫాం ఇవ్వాలి. మా జీతానికి ఎయిడ్ ఎలాగూ రాదు కదా అని వదిలేసి, మేలో స్కూల్ నుంచి మెయిల్ వచ్చాక పరిగెత్తేవాళ్లు ఉన్నారు. ఆప్ట్ అవుట్ ఒక్క పేజీ పని.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. పైన చెప్పిన 26 క్రెడిట్లు ఎండార్స్‌మెంట్‌తో పూర్తి చేసినా ఒక చిన్న మెలిక ఉంది. డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్ అని ఇంకో హోదా ఉంటుంది, దానికి నాలుగు మ్యాథ్ క్రెడిట్లలో ఆల్జీబ్రా 2 తప్పనిసరిగా ఉండాలి. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ర్యాంక్ మీద, అంటే హైస్కూల్లో తన క్లాసు పిల్లల్లో ఎన్నో స్థానం అన్నదాని మీద వచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్‌కి మామూలుగా ఈ హోదా కావాలి. అంటే ఒక పిల్లాడు ఆల్జీబ్రా 2 తీసుకోకుండా వేరే మ్యాథ్ క్లాసులతో నాలుగు క్రెడిట్లు నింపేస్తే డిప్లొమా వస్తుంది, ఎండార్స్‌మెంట్ కూడా రావచ్చు, కానీ ర్యాంక్ ఉన్నా ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ అనుకునే ఇళ్లల్లో ఆల్జీబ్రా 2 ఎలాగూ తీసుకుంటారు, అక్కడ ప్రశ్న కాలిక్యులస్ దాకా వెళ్తారా లేదా అన్నది. ఎయిత్‌లో ఆల్జీబ్రా 1 అయిపోతే నైన్త్‌లో జామెట్రీ, టెన్త్‌లో ఆల్జీబ్రా 2, లెవెన్త్‌లో ప్రీకాలిక్యులస్, ట్వెల్త్‌లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి క్లాసు) కాలిక్యులస్, ఇదీ దారి. ఆల్జీబ్రా 1 నైన్త్‌లో మొదలైతే ట్వెల్త్‌కి ప్రీకాలిక్యులస్ దగ్గరే ఆగిపోతుంది, కాలిక్యులస్ కావాలంటే సమ్మర్‌లోనో, ఒకే ఏడాది రెండు మ్యాథ్‌లు పెట్టుకునో సర్దుకోవాలి. అంటే మ్యాథ్ దారి నిజానికి సిక్స్త్ గ్రేడ్‌లోనే మొదలవుతుంది. 2023లో టెక్సాస్ ఒక మంచి పని చేసింది, ఫిఫ్త్ గ్రేడ్ మ్యాథ్‌లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఎవరూ అడగకుండానే సిక్స్త్‌లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో వేయాలని చట్టం తెచ్చింది, వద్దనుకుంటే పేరెంట్ ఆపుకోవచ్చు. అంతకుముందు అడిగిన పేరెంట్స్ పిల్లలకే ఆ సీట్లు ఎక్కువగా దక్కేవి, పద్ధతి తెలియని ఇళ్ల పిల్లలు తెలివిగలవాళ్లైనా వెనకపడేవాళ్లు. ఈ చట్టం గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడుకోరు గానీ నా లెక్కలో ఇది చాలా పెద్ద విషయం.

మిడిల్ స్కూల్లో తీసుకున్న ఆల్జీబ్రా 1 హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) మీదకి ఎక్కుతుంది. ఆ మార్కు జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో కలుస్తుందా లేదా అన్నది స్కూల్ డిస్ట్రిక్ట్‌ని బట్టి ఉంటుంది, మీ డిస్ట్రిక్ట్ కోర్స్ కాటలాగ్‌లో రాసి ఉంటుంది, సెవెన్త్‌లోనే చదివి పెట్టుకోండి.

భాష విషయంలో కూడా ఇదే తేడా. డిప్లొమాకి ఒకే భాషలో రెండేళ్లు చాలు, అందుకని చాలామంది ఎయిత్, నైన్త్‌లో స్పానిష్ 1, 2 అయిపోగొట్టి హమ్మయ్య అనుకుంటారు. పోటీ ఎక్కువ ఉన్న కాలేజీలు మూడేళ్లు, నాలుగేళ్లు ఉంటే మంచిదని వాళ్ల సైట్లలోనే రాసుకుంటాయి. మన తెలుగు కూడా ఇక్కడ పనికొస్తుంది. కొన్ని డిస్ట్రిక్ట్‌లు భాషా పరీక్ష రాస్తే క్రెడిట్ ఇస్తాయి, అవాంట్ అనే సంస్థ పెట్టే స్టాంప్ భాషా పరీక్ష తెలుగులో ఉంది. మాట్లాడటం ఒక్కటే చాలదు, రాయడం కూడా రావాలి, కాబట్టి ఆదివారం తెలుగు క్లాసులు మానేయాలా వద్దా అని ఆలోచించేవాళ్లు ముందు మీ డిస్ట్రిక్ట్ ఏ పరీక్షలు ఒప్పుకుంటుందో అడిగి చూడండి.

ర్యాంక్ గురించి అయితే టెక్సాస్ తెలుగు ఇళ్లల్లో మాట్లాడుకోని రోజు ఉండదు. 1996లో హాప్‌వుడ్ కేసులో కోర్టు అడ్మిషన్లలో జాతిని చూడకూడదని చెప్పాక, స్టేట్‌లోని అన్ని ఊళ్ల నుంచీ పిల్లలు రావాలని 1997లో టాప్ టెన్ పర్సెంట్ చట్టం పెట్టారు. ప్రతి హైస్కూల్లో టాప్ 10 శాతంలో ఉన్నవాళ్లకి స్టేట్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్‌గా సీటు. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) జనం మరీ ఎక్కువైపోయేసరికి 2009లో దానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు, టెక్సాస్ పిల్లలకిచ్చే ఫస్ట్ ఇయర్ సీట్లలో 75 శాతం దాకా ఆటోమేటిక్ వాళ్లతో నింపితే చాలని. దాంతో వాళ్ల కటాఫ్ తగ్గుతూ వచ్చింది, చాలా ఏళ్లు 6 శాతం ఉండేది, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి 5 శాతం చేశారు.

ఈ 5 శాతాన్ని మన స్కూళ్లకి వేసి చూడండి. క్లాసులో 600 మంది ఉంటే 30 మంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ సబర్బ్ స్కూళ్లలో ఆ 30 మందిలో ఉండాలంటే దాదాపు ప్రతి క్లాసూ ఏపీ అయ్యుండాలి, దాదాపు అన్నింట్లో 'ఏ' గ్రేడ్ రావాలి. అదే పిల్లాడు చిన్న ఊళ్లో ఉంటే టాప్ ఫైవ్‌లో ఉండేవాడేమో. ఇది అన్యాయం అని చాలామంది అంటారు, నేనైతే ఒప్పుకోను. చిన్న ఊరి స్కూల్లో పది ఏపీ క్లాసులు కూడా ఉండవు, ఆన్‌లైన్ ట్యూషన్లు, రోబోటిక్స్ క్లబ్బులు ఉండవు, ఆ చట్టం పెట్టిందే వాళ్ల కోసం కూడా. మన బాధ ఉంటే ఉండొచ్చు గానీ చట్టం ఉద్దేశం చెడ్డది కాదు.

నాకు బాధ కలిగించేది ఆ ర్యాంక్ కోసం ఇళ్లల్లో జరిగే లెక్కలు. వెయిటెడ్ జీపీఏ అంటే ఏపీ క్లాసుకి మామూలు క్లాసు కన్నా ఎక్కువ పాయింట్లు, ఆ స్కేల్ ఒక్కో డిస్ట్రిక్ట్‌లో ఒక్కోలా ఉంటుంది. ఆర్కెస్ట్రా, ఆర్ట్, థియేటర్ లాంటివి మామూలు వెయిట్‌లో లెక్కపెట్టే చోట 'ఏ' గ్రేడ్ వచ్చినా సగటు కిందకి లాగుతుంది. దాంతో ఆరేళ్లు వయొలిన్ వాయించిన పిల్ల టెన్త్‌లో ఆర్కెస్ట్రా మానేసి, ఇష్టం లేని ఏపీ క్లాసులో కూర్చుంటుంది, ర్యాంక్‌లో రెండు మెట్లు ఎక్కడానికి. నిజంగా 5 శాతం గీత అంచున ఉన్న పిల్లలకి ఆ లెక్క అర్థం ఉండొచ్చు, కానీ 12 శాతం, 15 శాతంలో ఉన్న పిల్లలతో కూడా అదే చేయిస్తున్నారు. ఆ పిల్లల అప్లికేషన్‌ని ఎలాగూ హోలిస్టిక్‌గా, అంటే క్లాసులు, ఎస్సేలు, యాక్టివిటీస్ అన్నీ కలిపి చూస్తారు, అక్కడ ఆరేళ్ల వయొలిన్‌కి విలువ ఉంటుంది, మనమే దాన్ని తీసేయించాం.

పైగా ఆటోమేటిక్ అడ్మిషన్ అంటే యూనివర్సిటీలోకి గ్యారంటీ, మేజర్‌కి కాదు. యూటీ ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, మెకోంబ్స్ బిజినెస్ లాంటివి విడిగా రివ్యూ చేస్తారు, టాప్ 1 శాతంలో ఉన్నవాళ్లకి కూడా యూటీ వచ్చి కంప్యూటర్ సైన్స్ రాకపోవచ్చు. టెక్సాస్ ఏ అండ్ ఎం ఇంజనీరింగ్‌లో ఇంకో పద్ధతి, అందరూ ముందు జనరల్ ఇంజనీరింగ్‌లో చేరతారు, ఫస్ట్ ఇయర్ గ్రేడ్లు చూసి ఎంట్రీ టు మేజర్ అనే ప్రాసెస్‌లో బ్రాంచ్ ఇస్తారు. అందుకే ర్యాంక్ వచ్చేసింది కదా అని ఎస్సేలు రాత్రికి రాత్రి రాసి పంపితే, మీరు కోరుకున్న మేజర్ దగ్గరే దెబ్బ పడుతుంది.

కాలేజీ అడ్మిషన్లకి రాసే శాట్ పరీక్ష విషయంలో ఒకప్పటి మాటలు నమ్మకండి. కోవిడ్ టైంలో చాలా కాలేజీలు అడగడం మానేశాయి, తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తెచ్చాయి, ఎంఐటీ 2022లోనే ప్రకటించింది, యూటీ ఆస్టిన్ 2025 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి మళ్లీ శాట్ గానీ, అలాంటిదే ఏసీటీ పరీక్ష గానీ తప్పనిసరి చేసింది. శాట్ ఇప్పుడు కంప్యూటర్ మీదే, రెండుంపావు గంటల్లో అయిపోతుంది. లెవెన్త్ అక్టోబర్‌లో వచ్చే పీశాట్‌ని ప్రాక్టీస్ అని తేలిగ్గా తీసుకోకండి, నేషనల్ మెరిట్ అనే స్కాలర్‌షిప్ పోటీకి లెక్కలోకి వచ్చేది ఆ ఏడాది స్కోరే, కొన్ని యూనివర్సిటీలు దాని మీద పెద్ద స్కాలర్‌షిప్పులు ఇస్తాయి.

డిప్లొమాకి, కాలేజీకి తేడా ఎంత ఉంటుందో ఇంకా బాగా అర్థం కావాలంటే కాలిఫోర్నియా చూడాలి, బే ఏరియాలో చుట్టాలున్న వాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. అక్కడ స్టేట్ కనీస లిస్టులో ఇంగ్లీష్ మూడేళ్లు, మ్యాథ్ రెండేళ్లు చాలు (డిస్ట్రిక్ట్‌లు ఎక్కువ పెట్టుకోవచ్చు). యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) మాత్రం ఏ టు జీ అని 15 కోర్సులు అడుగుతుంది, ఇంగ్లీష్ నాలుగేళ్లు, మ్యాథ్ మూడేళ్లు, ఒక ఆర్ట్స్ కోర్సు పూర్తి ఏడాది, అందులో 11 కోర్సులు ట్వెల్త్ మొదలయ్యేలోపే అయిపోవాలి, ప్రతిదాంట్లో కనీసం సి గ్రేడ్ ఉండాలి. డి వస్తే స్కూల్ క్రెడిట్ ఇచ్చేస్తుంది, ట్రాన్‌స్క్రిప్ట్ మీద పాస్ అనే ఉంటుంది, యూసీ లెక్కలో మాత్రం ఆ కోర్సు లేనట్టే. వాళ్లు శాట్ స్కోర్ పంపినా చూడరు, జీపీఏ లెక్కకి టెన్త్, లెవెన్త్ గ్రేడ్లే తీసుకుంటారు, ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 పదాల్లోపు జవాబులు రాయాలి. ఒకే దేశం, రెండు స్టేట్లు, రెండు వేరే ప్రపంచాలు, కాబట్టి ఫ్రీమాంట్‌లో ఉన్న పెదనాన్న కూతురికి వర్క్ అయిన ప్లాన్ డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో మీ వాడికి వర్క్ అవుతుందని అనుకోవద్దు.

అప్లికేషన్ నింపడం గురించి ఒక్క ముక్క. చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే కామన్ ఆప్ సైట్ ఆగస్ట్ 1న కొత్త సైకిల్‌కి తెరుచుకుంటుంది, మెయిన్ ఎస్సే 650 పదాలు, యాక్టివిటీస్ పది దాకా, ఒక్కోదాని గురించి రాసుకోవడానికి 150 అక్షరాలే. పదాలు కాదు, అక్షరాలు. అందుకే పది క్లబ్బుల్లో పేరు రాయించుకున్న పిల్లల దగ్గర ఆ గడిలో రాయడానికేం ఉండదు, రెండు పనులు మూడు నాలుగేళ్లు చేసిన వాళ్లకి చోటు చాలదు. టీచర్ రికమెండేషన్ అడగాలనుకుంటే లెవెన్త్ చివర్లోనే అడగాలి, సెప్టెంబర్ వచ్చేసరికి మంచి టీచర్ల దగ్గర లైను కట్టేస్తారు. యూటీకి ఎర్లీ యాక్షన్‌లో, అంటే ముందుగా అప్లై చేయడానికి గడువు అక్టోబర్ 15, కాబట్టి ఎస్సేలు జులైలో మొదలుపెట్టినవాళ్లకే నిద్ర ఉంటుంది. ఎర్లీ డెసిషన్ అనేది వేరు, వస్తే చేరి తీరాలి, ఫీజు లెక్క చూసుకోకుండా దాని మీద సంతకం పెట్టకండి.

ఇండియా నుంచి మధ్యలో వచ్చే పిల్లల గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే ఇది చెప్పాలి. నాన్నకి ట్రాన్స్‌ఫర్ వచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టెన్త్ అయ్యాక టెక్సాస్ వచ్చారనుకుందాం. ఇక్కడ హైస్కూల్ అంటే నైన్త్ నుంచి లెక్క, మన దగ్గర బోర్డ్ మెమో ఉండేది టెన్త్‌కే. నైన్త్ ప్రోగ్రెస్ రిపోర్ట్ ఏ అట్టపెట్టెలోనో పోయి ఉంటుంది. బయలుదేరే ముందే స్కూల్‌కి వెళ్లి నైన్త్ మార్కుల షీట్ ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపుతో తీసుకోండి, ఎయిత్‌ది కూడా ఉంటే ఇంకా మంచిది, అక్కడ చేసిన ఆల్జీబ్రా చూపించడానికి అవసరం పడొచ్చు. డిస్ట్రిక్ట్ వాళ్లు ఆ షీట్లు చూసి ఏ సబ్జెక్ట్‌కి ఎన్ని క్రెడిట్లు ఇవ్వాలో నిర్ణయిస్తారు, మ్యాథ్, సైన్స్ మామూలుగా బాగానే కలుస్తాయి, తెలుగు, హిందీ భాషా క్రెడిట్‌గా పెట్టమని మనమే నోరు తెరిచి అడగాలి. యూఎస్ హిస్టరీ, గవర్నమెంట్ మాత్రం ఇక్కడే చదవాలి. జీపీఏలో ఆ మార్కులు ఎలా కలుపుతారు, ర్యాంక్‌లో లెక్కపెడతారా అన్నది మొదటి మీటింగ్‌లోనే అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

హెచ్4లో, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసాలో ఉన్న పిల్లలకి వేరే లెక్క ఉంది. వాళ్లకి ఫెడరల్ ఎయిడ్ రాదు, కాబట్టి ఇందాక చెప్పిన ఆప్ట్ అవుట్ ఫామే చాలాసార్లు దారి. ఫీజు విషయంలో మాత్రం టెక్సాస్‌లో హెచ్4 వాళ్లు కూడా డొమిసైల్ (ఇక్కడే స్థిరంగా ఉంటున్నామని) చూపించి ఇన్‌స్టేట్ ఫీజు, అంటే స్టేట్‌లో ఉండేవాళ్లకిచ్చే తక్కువ ఫీజు అడగొచ్చు, అప్లికేషన్‌లో రెసిడెన్సీ ప్రశ్నలు వచ్చినప్పుడు వీసా అనగానే నాన్ రెసిడెంట్ అని టిక్ పెట్టేయకండి, లీజు, పే స్టబ్‌లు, టాక్స్ కాగితాలు పన్నెండు నెలలవి సిద్ధంగా ఉంచుకోండి. హెచ్4 పిల్లలకి 21 ఏళ్లు నిండితే ఆ వీసా ఆగిపోతుంది, గ్రీన్ కార్డు లైన్లో ఎన్నాళ్ల నుంచి ఉన్నా సరే, చాలామంది పిల్లలు కాలేజీ మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాల్సి వస్తోంది. రెండేళ్ల వయసులో ఇక్కడికొచ్చి, స్కూల్లో అమెరికా జెండాకి ప్లెడ్జ్ చెప్పుకుంటూ పెరిగిన పిల్లలు ఇంటర్నేషనల్ స్టూడెంట్ అయిపోవడం చాలా కష్టమైన విషయం, అది సీనియర్ ఇయర్‌లో పిల్లలకి హఠాత్తుగా తెలియడం ఇంకా కష్టం. టెన్త్ గ్రేడ్‌లోనే వాళ్లని కూర్చోబెట్టి చెప్పండి, ఆ మార్పుతో ఫీజు, ఇంటర్న్‌షిప్‌లు ఎలా మారతాయో మీరు చూస్తున్న యూనివర్సిటీల రెసిడెన్సీ ఆఫీసుకి, ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి, కాలేజీల లిస్టు ఆ తర్వాత వేసుకోండి.